దీపాలు పెట్టి తన్ను తాను వెతుక్కున్న భిక్షువు
దిఙ్నాగుడి జీవితం నుంచి మనం నేర్చుకోవాల్సింది



ఏలూరు నుంచి పెదవేగి పది పన్నెండు కిలోమీటర్లు. ఇవాళ ఆ పేరు చెబితే పామాయిల్ పరిశోధన కేంద్రం ఉన్న ఊరు కదా అంటారు. కానీ ఒకప్పుడు అదే వేంగి. శాలంకాయన రాజుల రాజధాని. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశం గురించి రాస్తూ, ఇక్కడ ఇరవై దాకా సంఘారామాలు, 3000 మంది దాకా భిక్షువులు ఉన్నారని చెప్పాడు. రాజధానికి నైరుతి దిక్కున ఒంటరి కొండ ఒకటి ఉందనీ, దాని మీద రాతి స్తూపం ఉందనీ, అక్కడ కూర్చునే దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రం రాశాడనీ చెప్పాడు.

దిఙ్నాగం అంటే దిక్కుని మోసే ఏనుగు. మనం పెద్దవాళ్ళని దిగ్గజం అంటామే, ఆ మాటే. భారతీయ తర్కశాస్త్రానికి కొత్త పునాది వేసినవాడు. ఆయన కాలం సుమారు 480 నుంచి 540 వరకు అని పండితులు లెక్కకడతారు. నేను బి.ఏ. చదివిన రోజుల్లో లాజిక్ అంటే అరిస్టాటిల్ ఒక్కడే అనుకున్నాను. మన జిల్లా మట్టి మీద నడిచిన ఒక భిక్షువుని ప్రపంచం అదే స్థాయిలో చదువుతోందని నాకు ముప్పై ఏళ్ళు దాటాక గానీ తెలియలేదు.

ఆయన గురించి రాయాలని కూర్చుంది ఆయన గొప్పదనం పొగడటానికి కాదు. మనం మంచి నమ్మకాలు పెట్టుకుంటాం. పంచశీలాలు తీసుకుంటాం. బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు చదువుతాం. అయినా కోపం వచ్చిన ఆ ఒక్క క్షణంలో మన పని మన నమ్మకం ప్రకారం జరగదు, అలవాటు ప్రకారం జరుగుతుంది. ఎందుకు? దిఙ్నాగుడు జీవితమంతా కుస్తీ పట్టింది ఈ ప్రశ్నతోనే అని నాకనిపిస్తుంది.

నాలుగు దిక్కులా దీపాలు

ఆయన బాల్యం గురించి మనకి తెలిసేది టిబెట్ చరిత్రకారుల రాతల్లోంచే. కంచి దగ్గర సింహవక్త్రం అనే ఊళ్ళో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడని వాళ్ళు రాశారు. వాత్సీపుత్రీయ శాఖకు చెందిన నాగదత్తుడు అనే ఆచార్యుడి దగ్గర భిక్షువయ్యాడు.

ఆ శాఖ వాళ్ళకి ఒక ప్రత్యేకమైన సిద్ధాంతం ఉండేది. బుద్ధుడు ఆత్మ లేదన్నాడు. మరి చేసిన పనికి ఫలితం అనుభవించేది ఎవరు? అందుకని వాళ్ళు పుద్గలం అనే ఒకదాన్ని ఒప్పుకున్నారు. అది శరీరం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే ఐదు స్కంధాలతో ఒకటీ కాదు, వాటికి వేరూ కాదు, మాటల్లో చెప్పలేం అన్నారు.

గురువు ఆ పుద్గలాన్ని ధ్యానంలో వెతకమన్నాడు. శిష్యుడు వెతికాడు. మామూలుగా కాదు. పగలు కిటికీలన్నీ బార్లా తెరిచాడు. రాత్రి నాలుగు దిక్కులా దీపాలు పెట్టాడు. ఒంటి మీద బట్టలు కూడా తీసేసి, లోపలా బయటా అన్ని వైపులా చూసుకున్నాడు. ఎక్కడా కనిపించలేదు. ఏం చేస్తున్నావని గురువు అడిగితే, మీరు చెప్పిన పుద్గలం కనిపించటం లేదండీ, ఏదైనా అడ్డు ఉందేమోనని ఇలా వెతుకుతున్నాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

గురువుకి అది వెటకారంలా తోచింది. మన సిద్ధాంతాన్నే తప్పు పడుతున్నావు, ఇక్కణ్ణుంచి వెళ్ళిపొమ్మన్నాడు. దిఙ్నాగుడు తల్చుకుంటే అక్కడే వాదించి గెలవగలిగేవాడు. కానీ గురువుతో గొడవ పడలేదు. దండం పెట్టి బయటికి నడిచాడు.

ఈ కథలో ఇద్దరు మనుషులున్నారు. ఒకరికి నమ్మకం ఉంది, దాన్ని ప్రశ్నిస్తే కోపం ఉంది. ఇంకొకరికి నమ్మకం ఉంది, దాన్ని దీపం పెట్టి చూసే ధైర్యం ఉంది. మనం వీళ్ళల్లో ఎవరిలా ఉంటున్నామో తర్వాత చూద్దాం.

అలవాటు అనే కాలవ

అక్కణ్ణుంచి ఆయన వసుబంధుడి దగ్గరికి చేరాడని టిబెట్ సంప్రదాయం. వసుబంధుడు రాసిన అభిధర్మకోశానికి దిఙ్నాగుడు ఒక సంగ్రహం కూడా రాశాడు. ఆ అభిధర్మకోశం కర్మ గురించి చెప్పేది మనం గట్టిగా పట్టుకోవాలి.

కర్మ అనగానే మన పేటల్లో నుదుటిరాతే గుర్తొస్తుంది. పోయిన జన్మలో చేసుకున్నావు, ఇప్పుడు అనుభవించు అని తరతరాలుగా మన నోళ్ళు మూయించిన మాట అది. బౌద్ధం చెప్పే కర్మ అది కాదు. కర్మ అంటే ముందు చేతన, అంటే మనసులో పుట్టే ఉద్దేశం. ఆ తర్వాత దాని వల్ల నోరూ ఒళ్ళూ చేసే పని. పొరపాటున కాలు తగలటం వేరు, తన్నాలని తన్నటం వేరు. తేడా కాలులో లేదు, ఉద్దేశంలో ఉంది.

మరి ఆ ఉద్దేశం ఎక్కణ్ణుంచి వస్తుంది? యోగాచార ఆచార్యులు దీనికి వాసన అనే మాట వాడారు. చేపల తట్ట కడిగి ఎండబెట్టినా వాసన పోదు. కొల్లేటి ఊళ్ళల్లో ఇది ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. మనం చేసిన ప్రతి పనీ, అనుకున్న ప్రతి మాటా మనసులో అలా ఒక వాసన వదిలి పోతుంది. రేపు అలాంటి సందర్భం రాగానే ఆ వాసన లేచి మనకంటే ముందు పని చేసేస్తుంది.

అయితే ఆత్మ లేకుండా ఇదంతా ఎలా సాగుతుంది? తమ్మిలేరుని చూడండి. నిన్న పారిన నీళ్ళు ఇవాళ లేవు. అవి ఎప్పుడో కొల్లేట్లో కలిసి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయాయి. కానీ నిన్నటి నీళ్ళు కోసిన దారినే ఇవాళ్టి నీళ్ళూ పారతాయి. కాలవలో కూర్చుని నీళ్ళని నడిపే మనిషి ఎవడూ లేడు. దారి ఉంది, ప్రవాహం ఉంది. దారి మార్చాలంటే పార పట్టుకుని గట్టు దగ్గర ఇవాళ పని చేయాలి. మన స్వభావమూ అంతే.

వేంగి కొండ మీద

ఇప్పుడు మళ్ళీ మన వేంగికి వద్దాం. హ్యూయన్ త్సాంగ్ ఇక్కడ విన్న కథ ఇది.

దిఙ్నాగుడు ఆ ఒంటరి కొండ మీద లోతైన ధ్యానంలో ఉన్నాడు. కొండ వెలుగుతో నిండింది. ఆ వెలుగు చూసి ఈ దేశపు రాజు వచ్చి చేతులు జోడించి, తమరు అర్హత ఫలం అందుకోండి, జననమరణాల నుంచి బయటపడండి అని బతిమాలాడు. ఆచార్యుడికీ అది నచ్చింది. ఇన్నాళ్ళూ కష్టపడ్డాను, ఇక నా విముక్తి నేను చూసుకుంటాను అనుకున్నాడు. అప్పుడు మంజుశ్రీ బోధిసత్వుడు కనిపించి, పెద్ద మనసుని వదిలి చిన్న మనసుని పట్టుకుంటున్నావేం అని బాధపడ్డాడు. నీ ఒక్కడి మేలు చూసుకుంటే లోకం సంగతేమిటని అడిగాడు. దిఙ్నాగుడు ఆ ఆలోచన మానుకుని, మళ్ళీ చదువులో మునిగి, హేతువిద్య రాశాడు.

మంజుశ్రీ నిజంగా ఆకాశంలోంచి దిగాడా అని హేతువాద మిత్రులు అడుగుతారు. కథని కథగానే తీసుకోండి. అందులో ఉన్న మనసుని చూడండి. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఉద్యమంలో తిరిగిన ప్రతివాడికీ ఒక సాయంత్రం వస్తుంది. ఇక చాలు, నా ఇల్లు నా పిల్లలు చూసుకుంటాను అనిపిస్తుంది. అది నేరమేమీ కాదు. కానీ ఆ క్షణంలో మనలోనే ఇంకో గొంతు లేస్తుంది. దానికి వాళ్ళు మంజుశ్రీ అని పేరు పెట్టారు.

చూపుకీ పేరుకీ మధ్య

అలా వెనక్కి తిరిగిన మనిషి ఏం రాశాడు? ఆయన రాసిన వాటిల్లో పెద్దది ప్రమాణసముచ్చయం. ఆరు అధ్యాయాలు. మనం దేన్నయినా సరిగ్గా తెలుసుకోవటానికి రెండే దారులున్నాయన్నాడు. ఒకటి ప్రత్యక్షం, రెండోది అనుమానం. మన వాడుకలో అనుమానం అంటే సందేహం, శాస్త్రంలో అనుమానం అంటే కారణం చూపి తేల్చుకోవటం. గ్రంథంలో ఉంది కాబట్టి నిజం అనే దారిని ఆయన వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు. ఎవరి గ్రంథమైనా సరే, హేతువు దగ్గర నిలబడాల్సిందే.

ప్రత్యక్షం అంటే కల్పన కలవని చూపు అన్నాడు. కల్పన అంటే ఏమిటి? కళ్ళు చూసినదానికి మనసు తగిలించే తోకలు. అవి ఐదని లెక్కపెట్టాడు: పేరు, జాతి, గుణం, పని, వస్తువు. కన్ను చూసేది ఒక రూపాన్ని. ఆ వెంటనే మనసు ఇది ఆవు, ఇది తెల్లది, వీడు వంటవాడు, ఇతను కర్ర పట్టుకున్నవాడు అని అంటిస్తుంది.

ఆయన జాతి అన్నది ఆవు, గుర్రం లాంటి రకాల గురించి. కులం గురించి కాదు. కానీ మన ఊళ్ళల్లో ఆ మాట ఎక్కడ తగులుతుందో మీకు తెలుసు. తాడేపల్లిగూడెం స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కి ఒకతని పక్కన కూర్చుంటాం. ఊరేదండీ అంటాడు. చెబుతాం. ఇంటిపేరేంటండీ అంటాడు. అదీ చెబుతాం. ఊళ్ళో ఏ వైపు అంటాడు. ఆ మూడో ప్రశ్నకి జవాబు వినగానే అతని కూర్చునే తీరు మారుతుంది. మనిషి అలాగే ఉన్నాడు, మొహం అదే, మాట అదే. మారింది తోక ఒక్కటే. చూపుకీ ఆ తోకకీ మధ్య ఉన్న సన్నటి జాగాని దిఙ్నాగుడు మనకి వేలు పెట్టి చూపించాడు.

ఇంకొకటి చెప్పాడు. ఇది నాకు అన్నిటికంటే విలువైనది. మనసు ఒకదాన్ని తెలుసుకుంటున్నప్పుడు, తెలుసుకుంటున్నానని కూడా దానికి తెలుస్తూనే ఉంటుంది. దీనికి స్వసంవేదన అని పేరు. ఆశ, కోపం, సుఖం, దుఃఖం పుట్టినప్పుడు అవి పుట్టాయని మనసుకి నేరుగా తెలుస్తుంది. దానికి వేరే సాక్షి అక్కర్లేదు. అంటే కోపం ప్రత్యక్షమే. గుండె దడ, చెవుల వేడి, అవన్నీ నిజమే. కానీ వాడు నన్ను అవమానించాడు, వాళ్ళంతా అంతే అనేది మనసు అల్లిన కథ. అది నిజమూ కావచ్చు, అబద్ధమూ కావచ్చు. హేతువు దగ్గర పరీక్ష పెట్టాలి.

దీపాలు పెట్టి వెతికితే నేను అనే వస్తువు దొరకలేదు. కానీ వెతికే మనసు తనని తాను ఎరుగును అన్న సంగతి దొరికింది. మార్పుకి అది చాలు.

కొంగలు వాలిన చోటల్లా

హేతువుని పరీక్షించటానికి ఆయన మూడు లక్షణాలు చెప్పాడు. మన కొల్లేటి ఉదాహరణ తీసుకుందాం. దూరంగా ఒకచోట కొంగలు గుంపుగా వాలాయి. అక్కడ చేపల చెరువు ఖాళీ చేస్తున్నారని అనుకుంటాం. ఈ హేతువు నిలబడాలంటే, మొదట అక్కడ వాలినవి నిజంగా కొంగలేనా చూడాలి. రెండు, చెరువు ఖాళీ చేసేటప్పుడు కొంగలు వాలటం ఇంతకు ముందు చూశామా? చూశాం. మూడు, చెరువు ఖాళీ చేయని చోట కొంగలు అసలు వాలవా? ఇక్కడ దెబ్బ తింటుంది. దుక్కి దున్నే ట్రాక్టర్ వెనక కూడా కొంగలు వాలతాయి. కాబట్టి ఆ హేతువు నమ్మదగింది కాదు.

మన పెద్ద పెద్ద అభిప్రాయాలు చాలావరకు ఈ మూడో మెట్టు దగ్గరే కూలిపోతాయి. ఆ పేట వాడొకడు దొంగతనం చేశాడు కాబట్టి పోయిన సైకిల్ ఆ పేట వాడే తీశాడు అంటారు. సైకిళ్ళు మిగతా పేటల వాళ్ళు తీయరా? అడిగేవాడు ఉండడు. ఇదేమీ పండితుల ఆట కాదు. ఈ తప్పుడు హేతువు మీద మనుషులు దెబ్బలు తిన్నారు, ఊళ్ళు వదిలారు.

నేను చేసిన తప్పు

మాటలు చెప్పటం తేలిక. నా సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో ధమ్మ సమావేశం పెట్టాం. అనాత్మ గురించి మాట్లాడాను. అయిపోయాక వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. చేపల చెరువుల మీద రాత్రి కాపలా ఉండే మనిషి. నుదుట పెద్ద బొట్టు. ఆత్మే లేదంటున్నారు కదండీ, మరి చేసిన పాపం ఎవరికి తగుల్తాదండీ అని అడిగాడు. వెనకెవరో నవ్వారు.

నాకు చెవులు వేడెక్కాయి. నా కళ్ళకి బొట్టు కనిపించింది, చెవులకి నవ్వు వినిపించింది. మిగతాది నా మనసే రాసుకుంది. ఈయన్ని ఎవరో పంపారు, సభ చెడగొట్టటానికి వచ్చాడు అనుకున్నాను. గట్టిగా నాలుగు మాటలు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి సమావేశానికి రాలేదు.

దిఙ్నాగుడి దీపాల కథ మళ్ళీ చదువుతుంటే ఒక రాత్రి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ పెద్దాయన అడిగింది సరిగ్గా వాత్సీపుత్రీయుల్ని పట్టి పీడించిన ప్రశ్నే. దిఙ్నాగుణ్ణి దీపాలు పెట్టుకుని వెతికించిన ప్రశ్నే. నేను దిఙ్నాగుడి వారసుణ్ణని చెప్పుకుంటూ, నాగదత్తుడు చేసిన పని చేశాను. నిజంగా అడిగినదాన్ని వెటకారం అనుకుని ఒక మనిషిని బయటికి పంపాను. ధమ్మం మీద నా నమ్మకంలో లోపం లేదు. కానీ ఆ క్షణంలో పని చేసింది నమ్మకం కాదు, పాతికేళ్ళ గొడవల్లో నేను పెంచుకున్న అలవాటు.

రెండు నెలలకి చెరువు గట్టు మీద ఆయన గుడిసె వెతుక్కుంటూ వెళ్ళాను. తప్పయిందండీ అన్నాను. ఆయన టీ ఇచ్చాడు. తన కొడుకు తాగి పోయాడనీ, ఆ పాపం ఎవరిదో తెలియక అడిగాననీ చెప్పాడు. తమ్మిలేరు ఉదాహరణ ఆ రోజు ఆయనకి చెప్పిందే. ఆయన చాలాసేపు నీళ్ళ వైపు చూసి, అయితే దారి మళ్ళించొచ్చన్నమాట అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

పైకి విసిరిన సుద్దముక్క

దిఙ్నాగుడికీ అలాంటి గడియ వచ్చింది. టిబెట్ చరిత్రకారుడు తారనాథుడు 1608లో రాసిన గ్రంథంలో ఈ కథ ఉంది.

అప్పుడాయన ఒడ్రదేశంలో ఒక కొండ గుహలో ఉన్నాడు. మన జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలు చూసినవాళ్ళు ఆ చోటుని ఊహించుకోగలరు. విడివిడిగా రాసిన తన చిన్న గ్రంథాలన్నిటినీ ఒకచోట కూర్చి ప్రమాణసముచ్చయం రాయాలని సంకల్పించాడు. మొదటి శ్లోకాన్ని సుద్దతో రాతి మీద రాశాడు. బుద్ధుడు మనకి ప్రమాణంగా ఎందుకు నిలిచాడో చెప్పే శ్లోకం అది. ఆయన లోకం మేలు కోరినవాడు గనుక అన్నది దాని సారం. అంటే తెలివికి వేరు కరుణలో ఉందని మొదటి మాటలోనే చెప్పాడు.

ఆయన భిక్షకి వెళ్ళగానే కృష్ణముని అనే ప్రతివాది వచ్చి ఆ రాత చెరిపేశాడు. మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిపాడు. మూడోసారి దిఙ్నాగుడు కింద ఇంకో మాట చేర్చాడు. సరదాకి చెరుపుతుంటే మానుకో, ఇది పెద్ద పని. తప్పుందని చెరుపుతుంటే ఎదురుగా వచ్చి వాదించు. కృష్ణముని వచ్చాడు. వాదం జరిగింది. దిఙ్నాగుడు గెలిచాడు. ఓడినవాడు ఒప్పుకోలేదు. నోట్లోంచి నిప్పు కక్కితే ఆచార్యుడి సామానంతా కాలిపోయిందని కథ.

గెలిచాడు, కానీ గుండె పగిలింది. ఈ ఒక్క మనిషికే మేలు చేయలేకపోయాను, ఇక లోకానికేం చేస్తాను అనుకున్నాడు. చేతిలో సుద్దముక్కని ఆకాశంలోకి విసిరి, ఇది నేల మీద పడగానే బోధిసత్వ సంకల్పం వదిలేస్తాను అనుకున్నాడు. సుద్ద కింద పడలేదు. తలెత్తి చూస్తే మంజుశ్రీ దాన్ని చేత్తో పట్టుకుని ఉన్నాడు. వదలొద్దు, నీకు తోడుంటానన్నాడు. దిఙ్నాగుడు మళ్ళీ రాతి దగ్గర కూర్చున్నాడు. గ్రంథం పూర్తయింది.

ఇందులో నాకు అద్భుతం అనిపించేది సుద్ద గాలిలో నిలవటం కాదు. కరుణే ప్రమాణం అని రాసిన చెయ్యే, ఒక అవమానం తగలగానే కరుణని విసిరేయబోయింది. అంతటివాడికీ అలా జరిగింది. వాదంలో గెలవటం ఆయనకి అసలు పరీక్ష కాదు. నిప్పు ఆరాక, బూడిద ముందు నిలబడి, మళ్ళీ సుద్ద పట్టుకోవటమే అసలు పరీక్ష. సంకల్పం ఒకసారి తీసుకుంటే అయిపోదు. విసిరేయాలనిపించిన ప్రతిసారీ మళ్ళీ తీసుకోవాలి.

చెరిపినా మిగిలినది

చివరి రోజుల్లో ఆయన పరివారం లేకుండా, చాలా తక్కువ అవసరాలతో, ఒడ్రదేశపు అడవుల్లో ఒంటరిగా గడిపి అక్కడే కన్నుమూశాడని చెబుతారు.

ఆయన రాతల్ని చెరపటం మాత్రం ఆగలేదు. న్యాయశాస్త్రంలో ఉద్యోతకరుడు పని గట్టుకుని ఆయన్ని ఖండించాడు. మేఘసందేశంలో దిక్కుల ఏనుగుల మాట వచ్చిన చోట, కాళిదాసు దిఙ్నాగుణ్ణే ఎత్తిపొడిచాడని మన కోలాచలం మల్లినాథసూరి వ్యాఖ్యానించాడు. ప్రమాణసముచ్చయం సంస్కృత మూలం ఈ దేశంలో పోయింది. టిబెట్ అనువాదంలో బతికింది. ఆయన న్యాయముఖాన్ని హ్యూయన్ త్సాంగే చైనా భాషలోకి మార్చి కాపాడాడు. ప్రమాణసముచ్చయానికి జినేంద్రబుద్ధి రాసిన సంస్కృత వ్యాఖ్య టిబెట్‌లో దొరికి, దాని మొదటి అధ్యాయం 2005లో అచ్చయింది. గుహ గోడ మీద రెండుసార్లు చెరిపిన రాత 1500 ఏళ్ళ తర్వాత కూడా చదువుతున్నాం.

మనం చేయాల్సింది

పెద్ద పెద్ద వ్రతాలు వద్దు. ఈ వారం మూడు పనులు చేసి చూడండి.

ఒకటి. కోపం వచ్చినప్పుడు కోపం వచ్చిందని లోపల ఒక్కసారి గుర్తించండి. అణచొద్దు, సమర్థించుకోవద్దు. కోపాన్నీ, కోపం చెప్పే కథనీ విడదీసి చూడండి.

రెండు. ఒక మనిషి గురించి గట్టి అభిప్రాయం ఉంటే, కొంగల పరీక్ష పెట్టండి. నా హేతువు మూడో మెట్టు మీద నిలుస్తుందా అని అడగండి. మన మీద ఇతరులు వేసే ముద్రలకే కాదు, మనం ఇతరుల మీద వేసే ముద్రలకీ ఇదే పరీక్ష.

మూడు. రాత్రి పడుకునే ముందు, ఇవాళ సుద్దముక్క ఎక్కడ విసిరేశానో గుర్తు చేసుకోండి. ఎవరినైనా బయటికి పంపి ఉంటే, రేపు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళండి.

వీలైతే పిల్లల్ని తీసుకుని పెదవేగి వెళ్ళండి, గుంటుపల్లి మెట్లెక్కండి. ఇక్కడ ఒక మనిషి నాలుగు దీపాల వెలుగులో తన్ను తాను వెతుక్కున్నవాడు నడిచాడని చెప్పండి. నాలుగు దీపాలూ అక్కర్లేదు, మనకి ఒక్కటి చాలు. అది కూడా ఎదుటివాడి మొహం మీదికి కాదు, మన మనసు మీదికి తిప్పుకుందాం.

అందరికీ మేలు కలుగుగాక. నమో బుద్ధాయ.